కొటేషన్ సంగతి తర్వాత, ముందు మెట్ల కింద చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మున్సిపల్ ఆఫీసు, 60 పైచిలుకు కంప్యూటర్లు, ఒక సర్వర్ గది, చూసుకోవడానికి ఔట్‌సోర్సింగ్ మీద మీరొక్కరే. పక్క జిల్లాలో ఏదో ఆఫీసులో ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయని విని కమిషనర్ గారు కంగారుపడి "మనకేం కావాలో రాసివ్వు" అన్నారు. ఓ వెండర్ ఫైర్‌వాల్ (బయటి నెట్ నుంచి వచ్చీపోయేవాటిని వడపోసే డబ్బా), యాంటీవైరస్, ఇంకో నాలుగు మూడక్షరాల పేర్లు కలిపి 18 లక్షలకి కొటేషన్ ఇచ్చాడు. ఇది కొంటే సరిపోతుందా, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

సూటిగా చెప్తాను. ఆ కొటేషన్‌ని ఓ మూడు నెలలు సొరుగులో పెట్టండి. అందులో ఉన్నవి పనికిరానివని కాదు. వాటిని ఎక్కడ పెట్టాలో, దేన్ని కాపాడాలో మీకే ఇంకా తెలీదు, ఆ వెండర్‌కి అంతకన్నా తెలీదు. నేను ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. మొదట ఓ జిల్లా ఆఫీసులో ఆపరేటర్‌ని, తర్వాత సిస్టమ్ అడ్మిన్‌ని, ఇప్పుడు ఆఫీసులు తిరిగి ఆడిట్లు చేస్తున్నాను. నా కళ్లతో చూసిన దెబ్బల్లో ఫైర్‌వాల్ లేక తగిలినవి తక్కువ. ఉన్న ఫైర్‌వాల్ వైపు ఎవరూ చూడకపోవడం, లోపల గదులన్నీ బార్లా తెరిచి ఉండటం, బ్యాకప్ ఉందనుకుంటే అది లేకపోవడం. ఎక్కువ భాగం ఇవే.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని ఆఫీసంతా కాలినడకన తిరగండి. స్టాక్ రిజిస్టర్ చూసి రాసుకోవద్దు, కళ్లతో చూసింది రాసుకోండి. ప్రతి బల్ల కిందా, ప్రతి బీరువా వెనకా, ల్యాన్ కేబుల్ ఎటు పోతే అటు. ఒక ఆఫీసులో రిజిస్టర్ ప్రకారం సిస్టమ్‌లు 58. మేం తిరిగి లెక్కపెడితే నెట్‌వర్క్‌కి తగిలించి ఉన్నవి 71. ఆ పదమూడులో నాలుగు సీసీ కెమెరాల డీవీఆర్‌లు, అంటే వీడియో రికార్డు చేసే డబ్బాలు. వాటిని కంప్యూటర్లని ఎవరూ అనుకోరు, కానీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్ కన్నా తేలికైన దారి దొంగకి ఇంకోటి ఉండదు. ఐదు వైఫై రౌటర్లు, సెక్షన్ల వాళ్లు సిగ్నల్ అందట్లేదని సొంత డబ్బుతో తెచ్చుకున్నవి. రెండు పాత కాంట్రాక్టర్ వదిలేసి పోయినవి. ఒకటి ఎవరిదో ఇంటి ల్యాప్‌టాప్.

పదమూడోది మెట్ల కింద, చీపుర్ల పక్కన దొరికింది. మానిటర్ లేని ఒక సీపీయూ. పైన బ్రౌన్ టేపుతో అతికించిన కాగితం మీద స్కెచ్ పెన్‌తో "ఆఫ్ చేయరాదు" అని రాసి ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఒకసారి ఆపితే పన్ను రసీదులు ఆగిపోయాయట, అప్పట్నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు. మానిటర్ తగిలించి చూస్తే విండోస్ 7. అందులో పాత పన్నుల డేటాబేస్. పాత వెండర్ తన ఇంటి నుంచి చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్‌ని రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ అతని ఫోన్ నంబరే. లాగిన్ల లాగ్ (ఎవరెప్పుడు లోపలికి రావాలని చూశారో ఉండే చిట్టా) తెరిస్తే నిమిషానికి పదుల్లో, రాత్రీ పగలూ లేకుండా, ఏ దేశం వాళ్లో తలుపు కొడుతూనే ఉన్నారు. "మన చిన్న ఆఫీసుని ఎవరు పట్టించుకుంటారు సార్" అని పక్కనే నిలబడి అన్న సూపరింటెండెంట్ గారికి ఆ స్క్రీన్ చూపించాను. ఆయన మాట్లాడలేదు. దొంగ మీ ఊరి పేరు చూసి రాడు. తెరిచి ఉన్న తలుపుల్ని ఒక ప్రోగ్రామ్ వెతుక్కుంటూ పోతుంది, అంతే.

మీ నోట్‌బుక్‌లో ఇంకో రెండు రకాలు తప్పకుండా తగులుతాయి. ఒకటి, అను అనే పాత తెలుగు టైపింగ్ ఫాంట్ల కోసం బతికించి పెట్టిన పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్. తెలుగులో నోటీసులు, అజెండాలు కొట్టే ఆపరేటర్ దానికే అలవాటుపడి ఉంటారు, అందులో ఉన్నది బహుశా ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన క్రాక్ కాపీ. ఆ క్రాక్ ఫైల్ ఎవరు తయారు చేశారో, దాంతోపాటు ఇంకేం వచ్చిందో ఎవరికీ తెలీదు. ఆ ఆపరేటర్‌తో గొడవ పెట్టుకోకండి. యూనికోడ్ కీబోర్డు నేర్పించడానికి ఓ నెల టైమివ్వండి, అందాకా ఆ సిస్టమ్‌కి నెట్ తీసేసి ప్రింటర్ ఒక్కటే ఉంచండి. రెండోది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు ఆగిపోయింది. మీ 60లో సగం అవే అయ్యుంటాయని నా అంచనా. అప్‌గ్రేడ్ అయ్యేవి చేయించండి, కానివాటికి ఏం చేస్తారో కమిషనర్ గారికి రాతపూర్వకంగా పెట్టండి.

అప్‌డేట్ అంటే మనవాళ్లకి విసుగు, పని మధ్యలో రీస్టార్ట్ అవుతుందని. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా తిరిగినప్పుడు బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కంప్యూటర్లు లాక్ అయ్యాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలలు. అప్‌డేట్ నొక్కినవాళ్లు ఆ రోజు టీవీలో వార్త చూశారు, నొక్కనివాళ్లు వార్తలో కనిపించారు.

ఇప్పుడు అసలు విషయం. మీ వెండర్ కొటేషన్ మొత్తం వీధి గుమ్మం గురించే. దొంగని లోపలికి రానివ్వకుండా ఏం చేయాలి అని. నేను మీకు అడగమనేది ఇంకో ప్రశ్న: వాడు లోపలికి వచ్చేశాడనుకోండి, ఎంత దూరం పోగలడు?

దీనికి మన హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2022 జనవరిలో ఓ వారాంతం ఆ బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షలు పోయాయి. వందల ఖాతాల్లోకి చీల్చి, అనేక రాష్ట్రాల్లో ఏటీఎంల నుంచి లాగేశారు. హైదరాబాద్ పోలీసులు తవ్వి తీసి చెప్పింది చదివితే ఇందులో మాయలూ మంత్రాలూ ఏమీ లేవు. అంతకు ముందు నవంబర్‌లోనే బ్యాంకు ఉద్యోగులకి 200కి పైగా దొంగ మెయిల్స్ వచ్చాయి. ఇద్దరు తెరిచారు. ఆ సిస్టమ్‌లలో దూరం నుంచి నడిపించే ప్రోగ్రామ్ కూర్చుంది. అక్కణ్నుంచి కోర్ బ్యాంకింగ్ (ఖాతాలన్నీ నడిపే అసలు సిస్టమ్) దాకా అడ్డం పడే గోడ లేదు, నెట్‌వర్క్ అంతా ఒకే హాలు. ఏదైనా మార్చగల సూపర్ యూజర్ అధికారాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువమందికి ఉన్నాయి. దొంగ వాటిని చేజిక్కించుకుని సొంత మనిషిలా పని చేసుకున్నాడు. తర్వాత 2023లో రిజర్వ్ బ్యాంకు సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదని ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది.

ఇక్కడ నేను ప్రతి ట్రైనింగ్‌లో ఆగి చెప్పేది తేదీల గురించి. మెయిల్ నవంబర్‌లో, డబ్బు పోయింది జనవరిలో. మధ్యలో రెండు నెలలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మంచం కింద పడుకుని, బీరువా తాళాలు ఎవరి నడుముకి ఉన్నాయో చూసుకుంటూ. 200 మెయిల్స్‌లో 198 మంది తెరవకపోయినా లాభం లేదు, ఇద్దరు చాలు. అందుకే "ఉద్యోగులకి అవగాహన కల్పించాం" అని చెప్పేవాళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అవగాహన కావాలి, కానీ 60 మందిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు నొక్కుతారనే లెక్క వేసుకునే మిగతా ఇల్లు కట్టుకోవాలి.

ఢిల్లీ ఎయిమ్స్ సంగతీ అంతే. 2022 నవంబర్ 23న సర్వర్లు లాక్ అయ్యాయి. ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా. దాదాపు రెండు వారాల పాటు ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు చేత్తో రాసుకున్నారు. దేశంలోనే పేరున్న పెద్దాసుపత్రి. కారణం ఏంటని పార్లమెంటులో అడిగితే ప్రభుత్వం ఇచ్చిన జవాబు: నెట్‌వర్క్‌ని సరిగ్గా విభజించకపోవడం. మహేష్ బ్యాంకుకి చెప్పిన మాటే.

మీ ఆఫీసులో దీన్ని చేయడానికి లక్షలు అక్కర్లేదు. మీ స్విచ్‌లు (ల్యాన్ కేబుళ్లన్నీ కలిసే డబ్బాలు) మామూలువి అయితే, సెట్టింగులు మార్చుకోగల మేనేజ్డ్ స్విచ్‌లు రెండో మూడో కావాలి. వాటిలో వీల్యాన్‌లు వేసి, అంటే ఒకే నెట్‌వర్క్‌ని వేరు వేరు భాగాలుగా విడదీసి, గోడలు కట్టండి. అకౌంట్స్, బిల్లులు పెట్టే సిస్టమ్‌లు ఒకవైపు. మామూలు సెక్షన్లు ఒకవైపు. సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ హాజరు మిషన్లు ఇంకోవైపు, వాటికి బయట ప్రపంచంతో పనేం లేదు. కౌన్సిలర్ల కోసం, వచ్చీపోయే జనం కోసం ఇచ్చే వైఫై పూర్తిగా వేరు, అందులోంచి ఆఫీసు ప్రింటర్ కూడా కనపడకూడదు. సర్వర్లు వేరే గదిలో ఉన్నాయి కాబట్టి వేరేగా ఉన్నట్టే అని అనుకోకండి. గది వేరు, నెట్‌వర్క్ ఒకటే అయితే ఆ తలుపుకి వేసిన తాళం పిల్లులకే పనికొస్తుంది. గోడలు కట్టాక పరీక్ష సులువు: జనన ధ్రువీకరణల కౌంటర్ సిస్టమ్ ముందు కూర్చుని అకౌంట్స్ సర్వర్‌ని పింగ్ చేయండి, అంటే "ఉన్నావా" అని నెట్‌వర్క్‌లో ఒక పిలుపు పంపండి. జవాబు వస్తే గోడ లేనట్టే.

దీంతోపాటే అడ్మిన్ అధికారాలు. చాలా ఆఫీసుల్లో ప్రతి ఒక్కరూ అడ్మినిస్ట్రేటర్‌గానే లాగిన్ అవుతారు, ప్రింటర్ డ్రైవర్ వేయడానికి మాటిమాటికీ మిమ్మల్ని పిలవాల్సి వస్తుందని మీరే అలా ఇచ్చి ఉంటారు. నేనూ ఇచ్చాను ఒకప్పుడు. తీసేయండి. మీరు కూడా మెయిల్ చూసుకోవడానికి ఒక మామూలు లాగిన్, సర్వర్ పనికి వేరే లాగిన్ పెట్టుకోండి. అన్ని సిస్టమ్‌లకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే ఒకటి పోయినప్పుడు 60 పోతాయి. దూరం నుంచి సిస్టమ్‌ని నడిపించే ఎనీడెస్క్ లాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ఎప్పుడూ తెరిచే ఉండేలా పెట్టినవి పీకేయండి. వెండర్‌కి పని ఉంటే ఫోన్ చేస్తాడు, మీరు తెరుస్తారు, పనవగానే మూస్తారు. రెండ్రోజులు సణుగుతాడు, అలవాటు పడతాడు.

పాస్‌వర్డ్‌ల గురించి ఒక్క ముక్క. 30 రోజులకోసారి మార్చాలనే పాత రూలు ఉంటే తీసేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఆ పద్ధతి వద్దంది. మార్చమంటే మనవాళ్లు చివరి అంకె మారుస్తారు, లేదా కీబోర్డు కింద చీటీ పెడతారు. పొడుగ్గా ఒకటి పెట్టుకోమనండి, లీకైందని అనుమానం వస్తేనే మార్చండి, రెండో మెట్టుగా ఓటీపీ యాప్ పెట్టండి. అమెరికాలో 2021 మేలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయి పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు కదా, దానికి మూలం ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) లాగిన్. రెండో మెట్టు లేదు. 44 లక్షల డాలర్లు కట్టారు.

మీ ఆఫీసులో పాత లాగిన్‌లు అంటే మానేసిన ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్లవి. జీతాల బిల్లులో పేరు తీసేస్తారు, పోర్టల్‌లో లాగిన్ అలాగే ఉంటుంది. నెలకోసారి జీతాల లిస్టునీ లాగిన్ల లిస్టునీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అరగంట పని.

ఇక డాంగిల్. దీని గురించి ఏ కొటేషన్‌లోనూ ఉండదు, కానీ ప్రభుత్వ ఆఫీసుల్లో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. అధికారి డిజిటల్ సంతకం ఉన్న ఆ చిన్న యూఎస్‌బీ ముక్క ఎక్కడుంటుంది? అధికారి జేబులో ఉండదు. ఆపరేటర్ సీపీయూకి వెనక పొద్దున్నుంచి రాత్రిదాకా గుచ్చి ఉంటుంది, పిన్ కంపెనీ ఇచ్చిన మొదటిదే ఉంటుంది, లేదా మానిటర్ అంచుకి అతికించిన పసుప్పచ్చ చీటీ మీద ఉంటుంది. సార్ మీటింగుల్లో ఉంటారు, ఫైళ్లు ఆగకూడదు, ఆపరేటర్ నమ్మకస్తుడు. అన్నీ నిజమే. కానీ చట్టం దృష్టిలో ఆ డాంగిల్‌తో పెట్టిన ప్రతి సంతకం సార్ స్వహస్తంతో పెట్టినట్టే. ఆ సిస్టమ్‌లోకి దూరం నుంచి ఒకడు వచ్చి కూర్చుంటే బిల్లు ఆమోదించడానికి వాడికి ఇంకేం కావాలి? కమిషనర్ గారికి మీరు రాసిచ్చే కాగితంలో ఇది మొదటి వాక్యం చేయండి. 18 లక్షల వస్తువుకి సంతకం పెట్టే ముందు ఆ డాంగిల్‌ని తన జేబులోకి తీసుకోమనండి. ఖర్చు సున్నా.

బ్యాకప్ గురించి నా సొంత అనుభవం చెప్తాను, ఇది నేనే అడ్మిన్‌గా ఉన్న ఒక ఆఫీసులో జరిగింది, తప్పులో నా వాటా ఉంది కాబట్టి ఆఫీసు పేరు వద్దు. సంక్రాంతి సెలవుల తర్వాత సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి అటెండర్ ఫోన్. "సార్, కంప్యూటర్లో బొమ్మలన్నీ తెల్లగా అయిపోయినయి." వెళ్లి చూస్తే ప్రతి ఫైల్ చివరా ఏదో కొత్త తోక. ప్రతి ఫోల్డర్‌లో ఒక నోట్, డబ్బు కట్టమని. నాకు చెమటలు పట్టినా లోపల ధైర్యంగానే ఉన్నాను, ఎందుకంటే రోజూ రాత్రి పదకొండుకి బ్యాకప్ అయ్యేలా పెట్టింది నేనే. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తెరిచాను. అందులోనూ అదే తోక. ఆ డిస్క్‌ని రెండేళ్లుగా సర్వర్‌కి తగిలించే ఉంచాను కదా, ఆ వైరస్‌కి అది ఇంకో డ్రైవ్, అంతే. ఇంటి తాళంచెవి నకలు అదే తలుపుకి వేలాడదీసినట్టు.

తేరుకున్నాక ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే అకౌంట్స్‌లో జూనియర్ అసిస్టెంట్ ఒకమ్మాయి బీరువాలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. ఇంట్లో కూర్చుని రికన్సిలియేషన్ చేసుకోవడానికి డిసెంబర్ చివర్లో కాపీ తీసుకెళ్లిందట. రూలు ప్రకారం తప్పు. ఆ తప్పే ఆ రోజు మమ్మల్ని నిలబెట్టింది, మూడు వారాల వోచర్లు మాత్రం మళ్లీ కొట్టుకున్నాం. పెద్దవాళ్ల కథలూ ఇలాగే ఉంటాయి లెండి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ అనే షిప్పింగ్ కంపెనీ మొత్తాన్ని తుడిచిపెట్టినప్పుడు, వాళ్ల నెట్‌వర్క్‌కి గుండెకాయలాంటి డొమైన్ కంట్రోలర్ (ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే సర్వర్) కాపీ ఒక్కటంటే ఒక్కటి మిగిలింది, ఘనాలో. అక్కడ ఆ సమయానికి కరెంటు పోయి అది ఆగి ఉంది. కరెంటు కోత వల్ల బాగుపడిన కంపెనీ ఇంకోటి నాకు తెలీదు.

అప్పట్నుంచి నా పద్ధతి: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఏ తీగకీ తగలకుండా. రెండు హార్డ్‌డిస్కులు కొనండి, వారం మార్చి వారం వాడండి, వాడని డిస్క్ వేరే బిల్డింగ్‌లో బీరువాలో ఉండాలి, రిజిస్టర్‌లో సంతకంతో ఇచ్చిపుచ్చుకోవాలి. అంతకన్నా ముఖ్యం, మూడు నెలలకోసారి ఒక పాత సిస్టమ్ మీద ఆ బ్యాకప్‌ని నిజంగా ఎక్కించి, సాఫ్ట్‌వేర్ తెరిచి, ఏదో ఒక ఇంటి నంబర్ కొట్టి పన్ను బకాయి సరిగ్గా వస్తోందో లేదో చూడండి. "బ్యాకప్ సక్సెస్‌ఫుల్" అని వచ్చే మెసేజ్‌ని నమ్మకండి. ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. రెండ్రోజులు పడితే ఆ రెండ్రోజులు కౌంటర్లు చేతి రసీదులతో నడపడానికి రసీదు పుస్తకాలు స్టాకు ఉన్నాయా? మా దగ్గర లేవు.

ఆ సోమవారం కథలో ఇంకో ముక్క ఉంది, అది నాకు వారం తర్వాత తెలిసింది. సెలవులకి ముందు సాయంత్రమే ఒక క్లర్క్ సిస్టమ్‌లో రెండు ఫైళ్లు తెరుచుకోలేదు, కర్సర్ దానంతట అదే కదిలింది. ఆయన చూశారు. కొరియర్ పేరుతో వచ్చిన మెయిల్ ఒకటి ఆ మధ్యాహ్నమే తెరిచానని ఆయనకి గుర్తుంది కూడా. కానీ అంతకు నెల ముందు ఇంకొకాయన ఇలాంటిదే ఏదో నొక్కితే పైఅధికారి నలుగురి ముందూ నిలబెట్టి తిట్టారు, మెమో ఇచ్చారు. అందుకని ఈయన సిస్టమ్ ఆపేసి, బ్యాగు భుజాన వేసుకుని, పండగకి ఊరెళ్లిపోయారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే సర్వర్ కేబుల్ పీకేసేవాణ్ని. ఆయన్ని నేను ఇప్పటికీ ఏమీ అనలేను. మీరు మీ ఆఫీసులో ఒక మాట అందరికీ తెలిసేలా చేయండి: పొరపాటున నొక్కి వెంటనే చెప్పినవాళ్లకి మెమో ఉండదు. కమిషనర్ గారి నోటి నుంచే రావాలి ఈ మాట, మీ నోటి నుంచి వస్తే ఎవరూ నమ్మరు.

సెలవుల సంగతి కాకతాళీయం అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకు నుంచి 8 కోట్ల 10 లక్షల డాలర్లు కొట్టేసినవాళ్లు గురువారం రాత్రి మొదలుపెట్టారు. ఢాకాలో శుక్రవారం సెలవు, న్యూయార్క్‌లో శని ఆదివారాలు సెలవు, డబ్బు చేరిన మనీలాలో సోమవారం చైనా కొత్త సంవత్సరం సెలవు. మహేష్ బ్యాంకు వారాంతంలో, పుణెలో కాస్మోస్ బ్యాంకు 94 కోట్లు పోగొట్టుకున్నది 2018 ఆగస్టు 11 నుంచి 13 మధ్య, అందులో రెండో శనివారం, ఆదివారం ఉన్నాయి. మన పంచాంగం వాళ్ల దగ్గరా ఉంటుంది. దసరాకీ సంక్రాంతికీ ముందు సాయంత్రం అక్కర్లేని సిస్టమ్‌లు ఆపి, బ్యాకప్ డిస్క్ పీకి, ఎవరి ఫోన్ మోగాలో రాసిపెట్టుకుని వెళ్లండి.

దెబ్బ తగిలిన రోజు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి సర్వర్ గది తలుపుకి లోపలివైపు అతికించండి. కంప్యూటర్‌లో రాయకండి, ఆ రోజు కంప్యూటర్ తెరుచుకోదు. ముందు ల్యాన్ కేబుల్ పీకాలి, వైఫై ఆపాలి. పవర్ మాత్రం ఆపొద్దు, మెమరీలో ఆధారాలు ఉంటాయి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీయాలి. వెండర్ కుర్రాడు రాగానే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో అయిపోద్ది" అంటాడు, కొట్టనివ్వకూడదు. ఎలా వచ్చారో తెలీకుండా ఫార్మాట్ కొడితే వాళ్లు అదే దారిన మళ్లీ వస్తారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకి రిపోర్టు చేయాలి, ప్రభుత్వ సంస్థలకీ ఇది వర్తిస్తుంది. లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది. సెర్ట్ ఇన్ టోల్‌ఫ్రీ 1800-11-4949. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, అది మొదటి గంటల్లో చేస్తేనే ఖాతాలు ఆపగలరు. జనం ఆధార్లు, ఫోన్ నంబర్లు బయటికి పోయి ఉంటే 2023 డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక అది కూడా తలుపు తడుతుంది, సరైన జాగ్రత్తలు తీసుకోలేదని తేలితే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా పెట్టారు. ఈ మాట కొంచెం గట్టిగా చదివి వినిపిస్తే ఫైలు తొందరగా కదులుతుంది, నా అనుభవం.

మీ వెబ్‌సైట్‌కి "సేఫ్ టు హోస్ట్" (భద్రత ఆడిట్ అయింది, నెట్‌లో పెట్టొచ్చు అనే) సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది ఆడిట్ చేసిన రోజు ఉన్న కోడ్‌కి. ఆ తర్వాత డెవలపర్ ఎన్నిసార్లు మార్చాడో ఎవరూ అడగరు. బయటివాళ్ల తప్పుకి మనం బలయ్యే సంగతి 2024 జూలై చివర్లో చూశాం. చిన్న బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ నడిపే సీ ఎడ్జ్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ దాన్ని పేమెంట్ల నెట్‌వర్క్ నుంచి విడదీసింది, దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకి యూపీఐ ఆగింది. ఆ బ్యాంకులు చేసిన తప్పేమీ లేదు. మీ పన్నుల సాఫ్ట్‌వేర్ వెండర్‌తో ఒప్పందం తీసి చూడండి: వాళ్ల దగ్గర దెబ్బ తగిలితే మీకు ఎన్ని గంటల్లో చెప్పాలో అందులో ఉందా? మీ డేటా కాపీ మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తారా?

ఇవన్నీ అయ్యాక ఆ కొటేషన్ సొరుగులోంచి తీయండి. ఫైర్‌వాల్ ఉంచండి, కానీ లైసెన్స్ ఎన్నేళ్లో చూడండి. ఏడాది లైసెన్స్‌తో కొని రెండో ఏడాది బడ్జెట్ రాక, ఎర్ర లైటు వెలుగుతూ మామూలు రౌటర్‌లా పడి ఉన్న లక్షల డబ్బాలు నేను చాలా చూశాను. మూడేళ్లది అడగండి, లేదా చిన్న మోడల్ తీసుకోండి. మేనేజ్డ్ స్విచ్‌లు కలపమనండి, చాలా కొటేషన్‌లలో అవే ఉండవు. యాంటీవైరస్ సరే. ఆ మూడక్షరాల పెద్ద పెద్ద పరికరాల దగ్గర మాత్రం వెండర్‌ని ఒక్కటే అడగండి: రాత్రి రెండింటికి ఇది ఎర్ర అలారం కొడితే ఎవరు చూస్తారు? మీరొక్కరే అయితే, మీరు నిద్రపోతారు కదా. చూసేవాళ్లు లేని అలారానికి డబ్బు పెట్టొద్దు. నా లెక్కలో 18లో సగం కంటే తక్కువకే తేలాలి. మిగిలిన దాంతో మీకు ఒక సహాయకుణ్ని ఇవ్వమని అడగండి. ఇస్తారని గ్యారంటీ లేదు, అడిగినట్టు ఫైల్లో ఉంటుంది.

రేపు పొద్దున ఆఫీసు తెరవగానే, జనం రాకముందే, నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరండి. ఒక టార్చి కూడా పట్టుకెళ్లండి. తిరిగొచ్చాక ఎన్ని దొరికాయో ఇక్కడ రాయండి, ఏది ముందు పీకాలో, దేనికి ముందు గోడ కట్టాలో కలిసి చూద్దాం. "ఆఫ్ చేయరాదు" అని కాగితం ఉన్నది దొరికితే మాత్రం దాన్ని ఆపకండి. ముందు దాని కాపీ తీసుకోండి.